దగ్గుతో దాచిన చప్పుడు

పేగు ఆపరేషన్ అయిన నెలకు మార్కాపురంలో గిద్దలూరు బస్సెక్కాను. తిన్నది అరగదన్న భయంతో గంజి మీదే బతుకుతున్న రోజులవి. దారిలో కడుపు గుడగుడమంటే, పక్క సీట్లోని గొర్రెల కాపరి ముసలాయనకు వినబడకుండా గట్టిగా దగ్గాను.

“ఏంది తల్లీ, కడుపు అరిస్తే సిగ్గా?” అన్నాడు.

ఆపరేషన్ సంగతి చెప్పాను.

“గొర్రె మేత ముట్టకపోతే దాని డొక్కకు చెవి పెట్టి ఇంటా. గుడగుడమన్నదా, ఇంక బతికినట్టే. సప్పుడు లేకపోతేనే నాకు భయం.”

నేను వద్దన్నా మా ఆయన సంచిలో పెట్టిన పెరుగన్నం తీసి నాలుగు ముద్దలు తిన్నాను. కంభం దాటాక కడుపు మళ్ళీ మోగింది.

కిటికీలోంచి చూస్తూనే, “ఇనపడిందిలే తల్లీ” అన్నాడాయన.

ఇప్పుడు నలుగురిలో కడుపు మోగినా నేను దగ్గను.