గేటు దగ్గర బొగ్గు

డిపోలో అతన్ని అసలు పేరుతో పిలిచేది జీతాల గుమాస్తా ఒక్కడే. మిగతా అందరికీ అతను బ్రేకు. ఖాళీ రోడ్డు మీద కూడా నెత్తిన గుడ్ల బుట్ట పెట్టుకున్నవాడిలా మిలటరీ లారీ నడుపుతాడని తోటి డ్రైవర్లు పెట్టిన పేరది. ఆ పేరంటే అతనికి చిన్నతనమేం లేదు. ఇన్నేళ్ళ సర్వీసులో తన చక్రం కింద కోడిపిల్ల కూడా పడలేదని లోలోపల కాస్త గర్వమే. అలాంటి మనిషి ఆ పొద్దున కాన్వాయ్‌లో వెళుతూ, పెద్దరోడ్డెక్కి చాలా దూరం వచ్చాక, ఏ అడ్డమూ లేకుండానే బ్రేకు తొక్కాడు. వెనక లారీ హారన్‌తో తిట్టింది. పక్క సీట్లో కునుకు తీస్తున్న రెండో డ్రైవరు, అందరూ మావయ్యా అని పిలిచే పెద్దమనిషి, నుదురు అద్దానికి తగిలి లేచాడు.

"బొగ్గుని ఉండమన్నాను మావయ్యా," అన్నాడు బ్రేకు. "ఇంటికి పొమ్మనలేదు."

మావయ్యకి విషయం అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. అర్థమయ్యాక నుదురు రుద్దుకోవడం మానేశాడు.

బొగ్గు అంటే బ్రేకు పెంచుకున్న నల్ల కుక్క. అది కళ్ళు మూసుకుంటే ఎటువైపు తిరిగి ఉందో కూడా తెలియనంత నలుపు. ఒకసారి యుద్ధాభ్యాసాల నుంచి తిరిగొచ్చి లారీ మీద టార్పాలిన్ విప్పితే, మడతల్లో వణుకుతూ దొరికింది. తెచ్చినరోజు భార్య ఒంటికాలి మీద లేచింది. మీరు ఇవాళ ఇక్కడ, రేపు ఎక్కడో, దీన్ని ఎవరు చూస్తారని నిలదీసింది. ఆమె అన్నదాంట్లో తప్పేం లేదు. క్వార్టర్స్ వెనక సందులో తిరిగే కుక్కలన్నీ ఒకప్పుడు ఎవరో ఒకరు ముద్దుగా పెంచుకున్నవే. బదిలీ కాగితం రాగానే లారీలో బీరువా ఎక్కించారు, కుర్చీలు ఎక్కించారు, కుక్కని మాత్రం పక్కింటివాళ్ళు చూసుకుంటారులే అని వదిలేశారు. ఎప్పుడో వెళ్ళిపోయిన హవల్దారు పేరు మీద ఆయన కుక్కని ఇప్పటికీ హవల్దారుగారి కుక్క అనే అంటారు. పాపం, ఏ లారీ గేట్లోకొచ్చినా అది లేచి నిలబడి, దిగినవాళ్ళ మొహాలు చూసి మళ్ళీ పడుకుంటుంది. దాన్ని చూసినప్పుడల్లా బ్రేకుకి ఒళ్ళు మండేది. నా కుక్కకి ఆ గతి పట్టనివ్వనని భార్యకి మాటిచ్చాడు.

మాటివ్వడమే కాదు, బొగ్గుకి చదువు చెప్పాడు. రోజూ రిపేరైన లారీని పరీక్షించడానికి ఒక చుట్టు తిప్పి తేవడం అతని పని. గేటు దగ్గర అరచెయ్యి చూపించి "ఉండు" అంటే బొగ్గు కూర్చుంటుంది. అతను తిరిగొచ్చి, లారీ దిగి, తొడ మీద చెయ్యి చరిచి "వచ్చేశా" అనేదాకా కదలదు. మాంసం ముక్క చూపించినా కదలదు. ఓసారి దారిలో లారీ మొరాయించి సాయంత్రమైతే, కుండపోత వానలో అలాగే కూర్చుంది. దాన్ని లేపబోయిన గేటు సెంట్రీ చెయ్యి కరవబోయింది. ఆ సంగతి విని బ్రేకు మురిసిపోయాడు. నా కుక్క క్రమశిక్షణ మన రెజిమెంటులో ఎవడికుందని రెండ్రోజులు గొప్పలు పోయాడు.

ఈ పొద్దున సరిహద్దుకి బయల్దేరుతున్న కాన్వాయ్ వెనక బొగ్గు ఇంట్లోంచి తప్పించుకుని పరిగెత్తుకొచ్చింది. గేటు దగ్గర అద్దంలో దాన్ని చూశాడు. ముందు లారీ కదిలిపోతోంది, వెనకవాడు తొందరపెడుతున్నాడు. తలుపు సందులోంచి అరచెయ్యి చూపించాడు. నోటికి రోజూ అలవాటైన మాటే వచ్చింది. "ఇంటికి పో" అన్నా వినేది, ఆ మాట కూడా దానికి తెలుసు. కానీ అనలేదు. ఏడాదిపాటు తిరిగిరాని ప్రయాణానికి వెళుతూ, ఒక చుట్టు తిరిగొచ్చేవాడిలా "ఉండు" అన్నాడు.

అది కూర్చున్నది సరిగ్గా గేటు ముందు తారు మీద. చీకటిపడే వేళకి ట్యాంకులు మోసే పొడుగాటి ట్రెయిలర్లు ఫైరింగ్ మైదానం నుంచి తిరిగొస్తాయి. అక్కడ మలుపు చాలక వాటన్నిటినీ వెనక్కి నడుపుకుంటూ గేట్లోకి తీసుకెళ్ళాలి. ఆ బండి నడిపేవాడికి వెనక నేల మీద ఏముందో కనపడదు. నల్ల తారు, నల్ల కుక్క, మసక వెలుగు. ఇదంతా బ్రేకుకి తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు, అతను ఆ ట్రెయిలర్లు కూడా నడిపాడు.

ఇక అక్కడి నుంచి అతని ప్రాణం అతని దగ్గర లేదు. బయల్దేరేముందే అందరి ఫోన్లూ తీసుకుని పెట్టెలో వేసి తాళమేశారు. దారి వివరాలు బయటికి పొక్కకూడదని కాన్వాయ్ రివాజు అది. భార్య ఇంటి దగ్గరే వీడ్కోలు చెప్పింది, కాన్వాయ్ రోజు కుటుంబాలని గేటుదాకా రానివ్వరు. కుక్క వెనకాలే వచ్చిందని ఆమెకి తెలుసో లేదో. ఎక్కడో తిరుగుతోంది, ఆకలైతే అదే వస్తుందిలే అనుకుంటే?

నీళ్ళ కోసం ఆగినచోట కాన్వాయ్ కమాండరు దగ్గరికి పరుగెత్తాడు. ఆయన్ని వెనకాల మీసాల సారు అంటారు. వైర్లెస్‌లో డిపోకి ఒక్క మాట చెప్పాలని బ్రేకు బతిమాలాడు. మీసాల సారు ముందు ఏదో ప్రమాదం అనుకుని కంగారుపడ్డాడు. కుక్క సంగతి అని తెలిశాక ఆయన మొహం మారిపోయింది. ప్రాణాపాయమైతే తప్ప దారిలో సెట్టు తెరవకూడదని, అంతమంది బాధ్యత తన నెత్తిన ఉందని, బండెక్కమని కోప్పడ్డాడు. అదీ ప్రాణమే సార్ అనబోయాడు బ్రేకు. సారు అప్పటికే వెనక్కి తిరిగాడు.

మధ్యాహ్నం ఎండ ముదిరింది. తారు మెత్తబడి టైర్లకి అంటుకుంటోంది. ఇక్కడే ఇలా ఉంటే అక్కడ దాని పాదాల కింద ఎలా కాలుతోందో అనుకున్నాడు. కొండదారి మొదలయ్యే ముందు రోడ్డుపక్క ఒక కొట్టు కనపడింది, బయట బల్ల మీద పాతకాలం ఫోనుంది. బండికి బ్రేకు పనిచెయ్యడం లేదని ఒక్క మాటంటే చాలు, లారీ పక్కకి తియ్యొచ్చు. అందరూ నమ్ముతారు. బ్రేకు మాటని బ్రేకు విషయంలో కాదనేవాడు ఎవడున్నాడు? అతని చెయ్యి పక్కలైటు స్విచ్చి మీదికి వెళ్ళింది. మావయ్య చూశాడు.

"ముందు లోయ ఉందిరా," అన్నాడు మెల్లగా. "ఈ ఇరుకులో మనం ఆగితే వెనకాలవాళ్ళంతా వాలు మీద ఇరుక్కుంటారు."

కొట్టు వెనక్కి వెళ్ళిపోయింది. బ్రేకు చెయ్యి స్టీరింగు మీదికి తిరిగొచ్చింది. మావయ్య మీద కోపమొచ్చింది, తన మీద అంతకన్నా ఎక్కువొచ్చింది. నా కుక్క గొప్ప, నా శిక్షణ గొప్ప అని ఊరంతా చాటుకున్నాను, మామూలు కుక్క అయితే ఈపాటికి ఇంటికెళ్ళి తిని పడుకునేదే అనుకుని కుమిలిపోయాడు.

రాత్రి మజిలీ శిబిరం చేరేసరికి పొద్దు వాలుతోంది. అక్కడ గుడారంలో తీగ ఫోనొకటుంది. క్షేమంగా చేరామన్న కబురు మీసాల సారు దాంట్లోంచే డిపో గేటుకి చెప్పాలి. బ్రేకు ఇంజను ఆపీ ఆపకముందే దూకి, గుడారం బయట కొయ్యలా నిలబడ్డాడు. మళ్ళీ బతిమాలే ఓపిక కూడా లేదతనికి. సారు కబురు చెప్పడం ముగించి, ఫోను పెట్టబోయి, అతన్ని చూశాడు. పొద్దున తిట్టిన తిట్టు ఆయనకీ గుర్తున్నట్టుంది.

"మీ గేటు ముందు నల్ల కుక్కేమైనా కూర్చుందా?" అని ఫోనులో అడిగాడు. అవతల చెప్పింది విని, రిసీవరు బ్రేకు చేతికిచ్చాడు.

సెంట్రీ గొంతు మండిపోతోంది. కుక్క ఉందట. బ్రేకు భార్య కూడా ఉందట. మధ్యాహ్నం నుంచి కదలమంటే ఆ ఇద్దరిలో ఒక్కరూ కదలడం లేదట. ఆమె కుక్క ముందు ఎర్ర బక్కెట్టు బోర్లించి, తన గొడుగు దాని మీద పట్టి నిలబడిందట. ఒక ట్రెయిలరు డ్రైవరుతో గొడవపడి వెనక్కి పంపిందట. ఇప్పుడు ఇంకో నాలుగు వరసలో నిలబడ్డాయి, కుక్కకి ఉరితాడేసి లాగెయ్యమని గార్డు కమాండరు మనిషిని పంపాడు అంటుండగానే ఫోనులో వరసగా హారన్లు వినిపించాయి. ఆ తరవాత భార్య గొంతు.

"ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వట్లేదండీ. నన్నొక్కదాన్నే దగ్గరికి రానిస్తోంది. నేను లెమ్మంటే మాత్రం లేవట్లేదు."

ముందు మెడకి తాడు కట్టమన్నాడు బ్రేకు. లేకపోతే లేవగానే కాన్వాయ్ వెళ్ళిన దారిన పరిగెడుతుంది. బట్టలారేసే తాడు తెచ్చానని, ఎప్పుడో కట్టేశానని అంది. ఒకప్పుడు ఈ కుక్కని ఎవరు చూస్తారని పోట్లాడిన మనిషి.

అక్కడ ఫోను తీగ గార్డు గది గుమ్మందాకే వస్తుంది, కుక్క దగ్గరికి అందదు. బళ్ళని పిలిచే చేతిమైకు గేటు దగ్గరుంది కదా, దానికి ఫోను ఆనించమని బ్రేకు చెప్పాడు. సెంట్రీ విసుక్కుంటూనే ఆనించాడు. బ్రేకు గొంతు సవరించుకున్నాడు.

"వచ్చేశా."

అతని మాటే మైకులోంచి పెద్దగా మోగి, ఫోనులో తిరిగొచ్చింది. తరవాత ఏమీ వినపడలేదు. చెవులు నిక్కబొడిచింది కానీ లేవలేదని సెంట్రీ చెప్పాడు. మళ్ళీ అన్నాడు. లేవలేదు. ట్రెయిలరు ఇంజను రొద పెరిగింది. అది అతని గొంతే, కానీ రోజూ వచ్చే మనిషి గొంతు కాదు. భయపడుతూ, బతిమాలుతూ అంటున్నాడు. బొగ్గుకి అబద్ధం తెలిసిపోతోంది.

గుడారం నిండా జనం. మీసాల సారు ఎటో చూస్తున్నాడు. మావయ్య పక్కకొచ్చి, బ్రేకు రెండో చేతిని పట్టుకుని అతని తొడ మీద ఒకసారి చరిచాడు. బ్రేకు కళ్ళు మూసుకున్నాడు. డిపో గేటు, వేడి ఇంజను వాసన, తలుపు తీసి దిగడం, ఎదురుగా ఆ నల్ల మొహం. నిజంగానే ఇంటికి చేరినట్టు ఒళ్ళంతా తేలికైపోయింది. గట్టిగా తొడ చరిచాడు.

"వచ్చేశా రా బొగ్గూ, వచ్చేశా!"

ఫోనులో సెంట్రీ కేక, ఎవరివో నవ్వులు, ట్రెయిలరు కదిలిన చప్పుడు. గుడారంలో ఎవరో చప్పట్లు కొట్టారు. మావయ్య అతని భుజం తట్టాడు. బ్రేకు రిసీవరు చెవికి ఆనించుకునే కింద కూర్చున్నాడు. చాలాసేపటికి భార్య ఫోనులోకి వచ్చింది. పక్కన బొగ్గు రొప్పడం వినిపిస్తోంది.

లేచిందా, నడుస్తోందా, నీళ్ళు తాగిందా అని వరసగా అడిగాడు. అన్నింటికీ ఊఁ అంది.

"మీకోసం వెతుకుతోందండీ," అంది చివరికి. "గార్డు గది వెనక చూసింది. వచ్చిన ప్రతి ట్రెయిలరు తలుపు దగ్గరికీ లాక్కెళ్ళింది. ఇప్పుడు ఈ ఫోను వాసన చూస్తోంది."

బ్రేకు తొడ మీంచి చెయ్యి తీసేశాడు.

"ఇంటికి తీసుకెళతాను. అన్నం నేను పెడతాను, దాని సంగతి నేను చూసుకుంటాను," అంది ఆమె. "కానీ ఆ మాట మళ్ళీ ఫోనులో అనకండి. వచ్చాక అనండి."

అలాగేనన్నాడు. అవతల ఆమె ఫోను పెట్టేసింది.