చిప్స్ ప్యాకెట్లో కడక్ రొట్టె

మా అనిత చిన్నప్పుడు... ఒకనాడు మధ్యాహ్నం గోడ వైపు తిరిగి పడుకుంది. కళ్లు పచ్చబడి ఉన్నాయి. నేను జావ గిన్నె పట్టుకుని మంచం పక్కన కూర్చున్నాను. పొద్దుటి నుంచి అదే జావ... వేడి చేస్తాను, చల్లారిపోతుంది, మళ్లీ వేడి చేస్తాను.

కామెర్లు వచ్చాయి దానికి. బడిలో వేసిన మొదటి ఏడాదే. గద్వాల దవాఖానలో డాక్టరు, "నూనె బంద్, కారం బంద్. గని తినాలె. తినకపోతే పిల్ల తట్టుకోదమ్మా" అన్నాడు. ఆ ఒక్క మాటే నా చెవిలో తిరుగుతూ ఉండేది.

దాని నోట్లోకి ఏదీ పోయేది కాదు. అన్నం మెత్తగా కలిపి పెడితే ఉమ్మేసేది. గ్లూకోజు నీళ్లు కక్కేసేది. ఎత్తుకుంటే బరువే తెలిసేది కాదు... ఆ బరువు తెలియకపోవడమే నాకు భయం.

అడిగేది ఒక్కటే. "అమ్మా, చిప్స్..." పక్కింటి పిల్లలు దుకాణంలో కొనుక్కొచ్చి మా అరుగు మీద కూర్చుని నమిలేవాళ్లు. నూనెలో దేవినవి ఎట్లా పెట్టేది? వద్దంటే ఏడవడానికి కూడా ఓపిక లేదు దానికి. ఊరికే కన్నీళ్లు కారేవి.

ఆ రోజే మా ఆయన మేస్త్రీ వెంట కాలువ పనికి పోవాలి. మా ఇటిక్యాల వైపు వలస పోయేవాళ్లకు కడక్ రొట్టెలు కట్టిచ్చేవాళ్లం. జొన్నరొట్టె పలుచగా కొట్టి, కాల్చి, పొయ్యికి ఆనించి నిలబెడతాం. ఆ సెగకు తడి అంతా పోయి అప్పడంలా అవుతుంది. ఎన్నాళ్లున్నా చెడదు. మా అత్త ఆ రొట్టెలు బట్టలో కడుతుంటే ఒకటి ఫట్‌మని విరిగింది.

గోడ వైపు తిరిగిన నా బిడ్డ ఇటు తిరిగింది.

"అమ్మా, చిప్సా?" అంది.

నేను ఉరికి పొయ్యి దగ్గరికి పోయాను. పిండిలో ఉప్పు, చిటికెడు జీలకర్ర వేసి పిసికాను. కాగితమంత పలుచగా కొట్టి, మెత్తగా ఉన్నప్పుడే కత్తితో చిన్న చిన్న ముక్కలు కోశాను. చుక్క నూనె లేకుండా, సన్న సెగ మీద బట్టతో ఒత్తుతూ కాలుస్తున్నాను...

"ఏమే, మతి గిట్ల పోయిందా నీకు? రోగపు పిల్లకు ఎండు రొట్టె పెడ్తవా? గొంతుల గుచ్చుకుంటది" అంది అత్త.

"జావ తాగుతలేదత్తా. ఏం చెయ్యమంటవ్ మరి... నీ కాళ్లు మొక్కుత, నువ్వే చెప్పు."

అత్త లేచి వాకిట్లోకి పోయింది. పిల్లలు పారేసిన చిప్స్ ప్యాకెట్ తెచ్చి, కడిగి, పొయ్యి దగ్గర ఆరబెట్టి నా చేతికిచ్చింది. "గిండ్ల పోసియ్. అమ్మ చేసిందంటే తినదు. దుకాణంల తెచ్చిందని చెప్పు."

అనిత ప్యాకెట్లో చెయ్యి పెట్టి ఒక ముక్క నోట్లో వేసుకుంది. కరకర... ఇంకొకటి వేసుకుంది. నేను దాని నోటివైపే చూస్తున్నాను, కక్కుతుందేమోనని. కక్కలేదు.

"అమ్మా..."

"ఏంది బిడ్డా?"

"దుకాణపాయన మన రొట్టెలు కొనుక్కపోయి అమ్ముతుండా?"

అత్త నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మా ఆయన రొట్టెల మూట అక్కడే పెట్టి బయటికి పోయాడు. ఆయన కళ్లు తుడుచుకోవడం నేను అప్పుడే మొదటిసారి చూశాను. దొరికిపోయాం... అయినా అది తినడం ఆపలేదు. ఆ ముక్కలు, పలుచటి మజ్జిగ... వాటితోనే లేచి కూర్చుంది నా బిడ్డ.

జొన్నలో బలం ఉందని మాకెవరూ చెప్పలేదు. ఆ రొట్టె తినే మావాళ్లు రాళ్లు మోశారు, మట్టి తవ్వారు. కానీ పిల్లలకు బలంతో పనేముంది... నోట్లో చప్పుడు కావాలి.

పెద్దదై హైదరాబాదులో కొలువు చేసేటప్పుడు ఒకసారి ఏదో ప్యాకెట్ తెచ్చింది. "అమ్మా, నీ చిప్స్ మాల్‌లకు వచ్చినయ్. పీటా చిప్స్ అంటరు. వేరే దేశపోళ్ల రొట్టె, కోసి కాల్చిండ్రు" అంది. తిన్నాను... బాగానే ఉన్నాయి. అది ప్యాకెట్ వెనక చదివి నవ్వింది. "కాల్చినవే గని నూనె గూడ ఉంది, ఉప్పయితే మస్తుంది. నువ్వే గెలిచినవ్ తియ్."

పోయిన ఏడాది... అనితకు గొంతు నుంచి కడుపుకు పోయే దారిలో గడ్డ లేచి మూసుకుపోయిందన్నారు. పొట్టకు పైపు పెట్టారు. కనబడిన డాక్టరునల్లా బతిమాలాను. ఎక్కని గుడి లేదు, మొక్కని దర్గా లేదు. చిన్నప్పుడు ఒక రొట్టె ముక్కతో లేపుకున్నాను కదా... ఈసారి నా దగ్గర ఏ ఉపాయమూ లేకపోయింది.

నేను తినడానికి ఊరి నుంచి తెచ్చుకున్న రొట్టెల మూట దవాఖానలో దాని మంచం పక్కనే ఉండేది. ఒకనాడు మెల్లగా, "అమ్మా, కడక్ రొట్టెలున్నయా?" అంది.

"తినలేవు గద బిడ్డా."

"తిన. నా చెవి కాడ విరువు."

విరిచాను. కళ్లు మూసుకుని నవ్వింది. "ఇంకొకటి" అంది. ఇంకొకటి విరిచాను... మూటలో ఉన్నవన్నీ విరిచాను. విరుస్తున్నంతసేపు నా బిడ్డ ఉంటుందనిపించింది. రొట్టెలు అయిపోయాయి... కొన్నాళ్లకు అది కూడా పోయింది.

ఇప్పుడు మా ఊరి దుకాణాల్లో ఎన్ని రకాల ప్యాకెట్లో. కడక్ రొట్టె కొట్టే ఇళ్లే తగ్గిపోయాయి. మీరు కూడా తినని పిల్లల కోసం ఏదో ఒకటి చేసి, ఎట్లనో నమ్మించి తినిపించే ఉంటారు... ఏం పెట్టారో రాయండి, చదువుకుంటాను. మీ పిల్లలు కరకర నములుతుంటే మాత్రం చప్పుడు చేయొద్దని కసరకండి.

మా ఇంట్లో నేను ఇంకా కడక్ రొట్టెలే చేస్తున్నాను. తినే ముందు నీళ్లు చల్లి మెత్తబెట్టుకుంటున్నాను... విరిచేటప్పుడు చప్పుడు రాకుండా.