ఎర్త్ గుంటకు నీళ్లు పోసిన చాచా

మా ల్యాబ్ చాచా పోయాడని నాకు పదిహేను రోజుల తర్వాత తెలిసింది. నల్గొండ నుంచి జవాబు పత్రాలు దిద్దడానికి మహబూబ్‌నగర్ వచ్చిన పాత సహోద్యోగి, టీ తాగుతూ, ఎవరికి ఎక్కడికి బదిలీ అయిందో చెబుతూ మధ్యలో ఈ మాటా చెప్పాడు. ఆ పూట నేను వేసిన మార్కులన్నీ మర్నాడు మళ్లీ సరిచూసుకోవాల్సి వచ్చింది.

ఎనభైల చివర్లో, నల్గొండ పక్కన ఒక పాలిటెక్నిక్‌లో నేను కొత్త లెక్చరర్‌ని. ఆయన ఎలక్ట్రానిక్స్ ల్యాబ్ సహాయకుడు, నాకంటే ఇరవై ఏళ్లు పెద్ద. పిల్లలు చాచా అనేవారు, నేనూ అలాగే పిలిచాను. ఆయన మాత్రం నన్ను చివరిదాకా సార్ అనే అన్నాడు. మా ల్యాబ్‌కు అప్పుడే ఒకే ఒక్క కంప్యూటర్ వచ్చింది. దాన్ని మైక్రోప్రాసెసర్ కిట్‌కు, అంటే చిప్పులన్నీ పైకి కనిపించే పచ్చని బోర్డుకు, సీరియల్ కేబుల్‌తో కలపాలి. కలిస్తే కంప్యూటర్‌లో రాసిన ప్రోగ్రాం తీగ వెంట బోర్డులోకి దిగుతుంది. కలవకపోతే పిల్లలు బోర్డు మీది చిన్న మీటలు ఒక్కొక్కటే నొక్కుతూ కూర్చోవాలి.

పుస్తకం ముందు పెట్టుకుని రెండు రోజులు కుస్తీ పట్టాను. తెర మీద ఒక్క అక్షరం రాలేదు. మూడో రోజు చాచా వచ్చి, కేబుల్ మూతి విప్పి, కబురు పంపే తీగను, అందుకునే తీగను అటుది ఇటు, ఇటుది అటు మార్చి అతికాడు.

"నోటికి చెవి కలపాలె సార్. నోటికి నోరు కలిపితే ఇద్దరూ ఒర్లుడే, ఇనేటోడు ఉండడు."

అక్షరాలు బిలబిలా వచ్చేశాయి. మర్నాడు క్లాసులో ఆ మాట నా సొంత మాటలాగా చెప్పాను. పిల్లలు నవ్వారు, రాసుకున్నారు. వెనక బెంచీ దగ్గర నిలబడి చాచా కూడా నవ్వాడు. చూడండి, నా బుద్ధి అప్పటినుంచే అంత.

ఆయనకు కొన్ని పట్టింపులుండేవి. కేబుల్ పెట్టే ముందు కంప్యూటర్, కిట్ రెండూ ఆపాల్సిందే. తీగలు అతికేటప్పుడు ముందు భూమి తీగే అతకాలి. "ముందుగాల జమీన్, తర్వాతనే ముచ్చట" అనేవాడు. ఇక రోజూ పొద్దున ల్యాబ్ తాళం తీయకముందే వెనక్కి వెళ్లి, ఎర్త్ గుంటలో బకెట్టు నీళ్లు పోసేవాడు. కరెంటు తప్పుదారి పడితే నేలలోకి దిగిపోవడానికి ఉప్పు, బొగ్గు వేసి పూడ్చిన గుంట అది. మొలక ఎప్పుడొస్తది చాచా అని పిల్లలు ఆటపట్టించేవారు. మొలక రాదు బిడ్డా, మీ పానం మాత్రం పోదు అనేవాడు.

ఆ ఏడు ఎండలు ముదిరాయి. కాలేజీ బోరు ఎండిపోయింది. హాస్టల్ పిల్లలు ట్యాంకర్ దగ్గర బిందెలతో కొట్టుకుంటున్నారు. అదే పొద్దున చాచా బకెట్టుతో వెనక్కి పోతుంటే నాకు ఒళ్లు మండిపోయింది. పిల్లలకు తాగడానికి లేవు, నువ్వు గుంతల పాలు చేస్తున్నావా అని అందరి ముందే కేకలేశాను.

"మనది రాతి నేల సార్. ఎండితే కరెంటుకు భూమి దొరకది. జర సగం బకెట్టన్నా పోయనియ్యుండ్రి."

వద్దన్నాను. ఆయన బకెట్టు అక్కడే దించేసి లోపలికి వెళ్లాడు. నీళ్లు ఆపమనడం తప్పని ఇప్పటికీ అనను, దాహానికి మించింది లేదు. ఆ తర్వాత చేసిందే తప్పు.

పది రోజులకు ప్రాక్టికల్ పరీక్షలు. ముందురోజు సాయంత్రం చాచా నమాజుకు వెళ్లిన సమయంలో, తొందరలో, ఏదీ ఆపకుండానే కేబుల్ గుచ్చాను. వేళ్లు జిల్లుమన్నాయి, చిటుక్కుమంది, కాలిన వాసన. భూమి అందక కంప్యూటర్ డబ్బా మీద నిలిచిన కరెంటు తీగ వెంట కిట్‌లోకి దూకింది. కిట్ పోయింది, కంప్యూటర్ సీరియల్ పోర్టూ పోయింది. ప్రిన్సిపాల్ సంజాయిషీ అడిగారు. నేను కుదురుగా కూర్చుని, మంచి దస్తూరీతో, ఎర్త్ గుంట చూసుకోవడం ల్యాబ్ సహాయకుని బాధ్యత, అది ఎండిపోవడం వల్లే ఇలా జరిగింది అని రాశాను. అందులో అబద్ధమంటూ ఒక్క ముక్క లేదు. నీళ్లు ఆపమన్నది నేనని, స్విచ్చి ఆపనిది నేనని మాత్రం రాయలేదు. అప్పటికి నా ఉద్యోగం పర్మనెంట్ కాలేదు. భయపడ్డాను.

ఆ కాగితం చాచా సంతకానికి వెళ్లింది. ఆయన నా ఎదుటే నిలబడి మొత్తం చదివాడు. తల ఎత్తితే ఏం చెప్పాలా అని నేను మాటలు వెతుక్కుంటున్నాను. సంతకం చేసి, "కింద తారీకు ఎయ్యాల్నా సార్?" అని అడిగాడు. అంతే.

ఆయన్ను ల్యాబ్ నుంచి తీసి స్టోరుకు వేశారు. రిటైరయ్యేదాకా సుద్దముక్కలు, చీపుర్లు, బెంచీలు చూసుకున్నాడు. కేబుల్ మొరాయించినప్పుడల్లా నేను సిగ్గులేకుండా స్టోరుకే పోయేవాణ్ణి. ఒక్కనాడూ విసుక్కోలేదు. పాత డబ్బా మీద కూర్చుని, కేబుల్ మూతిలో ఏ పిన్నుకు ఏ పిన్ను కలపాలో వేలితో గాల్లో గీసి చూపేవాడు. ల్యాబ్‌లోకి మాత్రం మళ్లీ అడుగుపెట్టలేదు.

నాకు బదిలీ అయ్యాక ప్రతి ఏడూ పోయి తప్పు నాదేనని చెప్పేయాలనుకున్నాను. ఒకసారి నకిరేకల్ పెళ్లికి పోతుంటే నల్గొండలో బస్సు ఇరవై నిమిషాలు ఆగింది. టీ తాగి మళ్లీ ఎక్కాను. ఈ మధ్య మా కాలేజీకి యూఎస్‌బీ మూతి ఉన్న కొత్త కంప్యూటర్ వచ్చింది. దాన్నుంచి కిట్ సీరియల్ పోర్టుకు కలిపే కేబుల్ తెప్పించాం. నడుస్తుండగానే గుచ్చవచ్చట, ఏమీ కాదట. పిల్లలు టకాటకా గుచ్చేస్తున్నారు. నేను మాత్రం స్విచ్చి ఆపిందాకా ముట్టుకోను.

కబురు తెలిసిన వారం చాచా వాళ్లింటికి వెళ్లాను. చాచీ ఇద్దత్‌లో ఉంది. భర్త పోయాక నాలుగు నెలల పది రోజులు బయటి మగవాళ్ల ఎదుటికి రాదు కనుక పరదా వెనక కూర్చుంది. ఉద్యోగం చేసుకుంటున్న కొడుకు నాకు కుర్చీ వేశాడు.

"మా అబ్బా మిమ్ములను మస్తు యాది చేసేటోడు సార్. కండ్లు మందగించినయంటే మీరే చెప్పి స్టోరుకు మార్పిచ్చిండ్రంట గదా."

ఔనని తలూపి లేచి రావచ్చు, అది ఎంత తేలికో నాకు తెలుసు. ఆ పరదాకు చూపు ఆనించి బకెట్టు నుంచి సంతకం దాకా అంతా చెప్పాను. కొడుకు తల వంచుకున్నాడు. పరదా వెనక నుంచి చాచీ గొంతు వినబడింది.

"అయితే ఆయన కండ్లు మంచిగనే ఉండెనా సార్?"

"మంచిగనే ఉండె చాచీ."

"మరి స్టోరుకు పోయినకాన్నుంచి, కండ్లు కనబడ్తలేవని సూదిల దారం నాతోనే ఎక్కియ్యవట్టె."

పరదా అంచు కింద ఆమె పాదాలు మాత్రం కనిపిస్తున్నాయి. నేను లేచి, గడప దాటి, చెప్పులు వేసుకుని తిరిగి చూసినప్పుడు కూడా అవి అక్కడే, కదలకుండా ఉన్నాయి.