ఏటి నియమాన్ని కాపాడటానికి కోవిల్‌పట్టి వెళ్ళాను

కోపంతో రైలెక్కినదాన్ని నేను. కోవిల్‌పట్టి, విరుదునగర్ వైపు వెళ్ళాలనుకునేవాళ్ళు బస్సు వేళల కోసం ఇది చదువుతుంటే వేళలన్నీ ఇందులోనే ఉన్నాయి, కానీ నా కోపాన్ని కూడా భరించాలి. ‘ఏరు దాటిన బండి’ అని ఒక ఆట ఉంది. బల్ల చుట్టూ నలుగురైదుగురు కూర్చుని తలా ఒక మనిషి పాత్ర తీసుకుంటారు, ఒకరు కథ నడుపుతారు, తర్వాత ఏం జరగాలో మాటలూ పాచికలూ తేలుస్తాయి. కరువుకి ఆగలేక తెలుగునేల విడిచి దక్షిణానికి బండి కట్టిన ఒక కుటుంబం కథ అది, కోవిల్‌పట్టి వైపు తెలుగువాళ్ళు చెప్పుకునేది. తమిళంలోనూ తెలుగులోనూ పుస్తకం వచ్చింది. నెల్లూరులో మా ఇంట్లో నాలుగేళ్ళుగా రెండో శనివారం తప్పకుండా ఆడుతున్నాం. ఆ ఆటకి ప్రాణం ఏటి నియమం. వెనక పన్ను కోసం తరుముకొచ్చే మనుషులు, ముందు పొంగుతున్న ఏరు. అక్కడ పాచికలు వేయడానికి లేదు. ఇంటి కడగొట్టు కన్నెపిల్ల తనంతట తానే ఏట్లో దిగుతుంది, ఏరు తగ్గుతుంది, బండి దాటుతుంది. ఆ పిల్ల పాత్ర తీసుకున్నవాళ్ళు బల్ల దగ్గర్నుంచి లేచి వెళ్ళిపోవాలి. మా ఇంట్లో ఆ ఖాళీ కుర్చీ చూసి ఏడవనివాళ్ళు లేరు.

రెండో కూర్పులో ఆ నియమం తీసేస్తున్నామని ఆట తయారు చేసినవాళ్ళు ప్రకటించారు. పిల్ల చావదట, బండి తనే తోలుతుందట, అందరి తరఫునా పాచికలు తనే వేస్తుందట. శివకాశి ప్రెస్సులో పనిచేసే ఎవరో ఒకావిడ ఉత్తరం రాసిందని మార్చేస్తున్నారట. ఫోన్‌లో అభిమానుల గుంపు భగ్గుమంది. “ఆటకి కోరలు పీకేశారు” అన్నాడొకడు. “ఇక పసిపిల్లల పుట్టినరోజుకి ఆడుకోవచ్చు” అన్నాడు ఇంకొకడు. నిజం చెప్పాలంటే, కొత్త నియమమే బాగుందనీ, ఒక మనిషిని సగం ఆటలో లేపి పంపడం ఏం మర్యాదనీ అన్నవాళ్ళూ కొందరున్నారు. వాళ్ళ మీద ఒంటికాలి మీద లేచింది నేనే. “బలి అడగని ఏరు ఏరు కాదు, మురిక్కాలవ” అని రాశాను. దానికి వచ్చిన మెచ్చుకోళ్ళు చూసి వారం రోజులు పొంగిపోయాను కూడా. రెండువందల మంది దగ్గర సంతకాలు పోగుచేశాను. తయారీదారుల్లో పెద్దవాడు సెల్వం, మదురై మనిషి, నాకు ఫోన్ చేసి, “ఆదివారం సాయంత్రం నాలుగింటికి విరుదునగర్‌లో అభిమానుల సభ. అక్కడ తేలినదాన్నే సోమవారం అచ్చుకి పంపుతాం. అంత కోపమైతే ముందు ఆ ఉత్తరం రాసినావిడతో మాట్లాడండి, ఎవరైనా రావచ్చని చెప్పింది” అన్నాడు. వెళ్ళి కడిగేద్దామనే బయల్దేరాను.

నెల్లూరు నుంచి శనివారం మధ్యాహ్నం రైలుకి చెన్నై చేరి, ఆటోలో ఎగ్మోర్ వెళ్ళాను. తిరునెల్వేలి వైపు వెళ్ళే రాత్రి రైళ్ళు చాలావరకు కోవిల్‌పట్టిలో ఆగుతాయి, స్లీపర్ టికెట్టు నాలుగువందల చిల్లర. రైల్లో కూర్చుని ఆ సంతకాల కాగితాలన్నీ ఫొటో తీసి సెల్వానికి పంపేశాను. రేపటిదాకా ఆగే ఓపిక లేకపోయింది. ఆరున్నరకి దిగి, స్టేషన్ దగ్గర ఇడ్లీ తిని, ఆ ఊరి పల్లీపట్టీ రెండు పొట్లాలు కొన్నాను. తిట్టడానికి వెళ్తున్నా చేతులూపుకుంటూ వెళ్ళకూడదని మా అమ్మ నేర్పింది. ఎనిమిదీ పదికి వెంబకోట్టై దారిలో వెళ్ళే టౌన్ బస్సు దొరికింది. ఆడవాళ్ళకి అందులో టికెట్టు ఊరికే. ముప్పావుగంట ప్రయాణం, రెండు పక్కలా నల్లరేగడి, అక్కడక్కడ దూరంగా విసిరేసినట్టున్న బాణసంచా షెడ్లు. ఉత్తరం రాసినావిడ ఊరి పేరు రాయను. ఆమె పేరు కూడా మార్చి గురులక్ష్మి అంటున్నాను.

బస్సు దిగిన చోట టీ తాగుతూ, ఇక్కడివాళ్ళు ఏరు దాటి వచ్చారట కదా అని కొట్టాయన్ని నా వచ్చీరాని అరవంలో కదిపాను. ఆయన చేతిలో పని ఆపి మరీ చెప్పాడు. ఆయన తమిళంలో అన్నది తెలుగులో రాస్తున్నాను. “అవునమ్మా, మా ఆడబిడ్డ వంశం కోసం తనే ఏట్లోకి నడిచిపోయింది. అలాంటి పిల్లలు ఇప్పుడెక్కడ?” ఇంకేం కావాలి నాకు! ఊరే నా పక్షాన ఉంది. ఆ ఉత్తరం రాసినావిడ నాలుగు కొత్త పుస్తకాలు చదివి సొంత తెలివి కలిపిందని తేలిపోయింది.

గురులక్ష్మికి ముప్పైఅయిదు ఉంటాయి. వారమంతా ఫ్యాక్టరీ వ్యానులో శివకాశి వెళ్ళి ప్రెస్సులో అచ్చైన కాగితాలు మడిచి, వరసపెట్టే పని చేస్తుంది. తల్లితో ఉంటుంది. పక్కవాటాలో చిన్నాయన. నేనెవరో చెప్పుకోగానే నవ్వి, “అక్కా, లోపలికి దా. ఎండలో నిలబడబాకు. ఏమి నీవు బుక్కు మాదిరి తెలుగు మాట్లాడతావే” అంది. కంచంలో సజ్జ కూడు, వాళ్ళ మాటలో కంబు కూడు, మజ్జిగ, వేయించిన ఊరమిరపకాయలు పెట్టింది. తింటూనే దెబ్బలాటకి దిగాను. ఉన్న కథ మార్చే హక్కు నీకెవరిచ్చారన్నాను. మీ ఊరి టీకొట్టాయనే వేరే చెప్పాడన్నాను. నీ మూలంగా రెండువందల మంది ఆట పాడవుతోందన్నాను.

“ఏ బాసలో సెప్పినాడు?” అని అడిగింది.

“తమిళంలో.”

“ఆ. అది వెలియ, బయటోళ్ళకి సెప్పే కత అక్కా. గడప దాటితే మేము అరవమే మాట్లాడతాము, ఆ కత గూడ అరవంలోనే ఉండాది. ఇంట్లో తెలుగులో ఉండే కత వేరే. ఆ బుక్కు చేసినోళ్ళు వెలియ అడిగి రాసుకొని పోయినారు. నేను ప్రెస్సులో కాగితాలు మడిచేటప్పుడు బొమ్మ చూసినాను. పిల్ల ఏట్లో మునిగిపోతా ఉండాది, కింద మా ఇంటి సామి పేరు. నా సెయ్యి ఆడనే నిలిచిపోయింది.”

లేచి నన్ను లోపలి గది గడప దగ్గరికి తీసుకెళ్ళింది. విగ్రహం లేదు, పటం లేదు. గోడకి ఒక ముల్లుగర్ర, ఎద్దుల్ని అదిలించేది, పసుపు రాసి, దానికి చీర చుట్టి ఉంది. ఏటా శివరాత్రి వచ్చే మాసి నెలలో దానికి రెండు రోజులు పూజ. ఆ రెండు రోజులూ ఇంటి మగవాళ్ళు గడప దాటి ఆ గదిలోకి రాకూడదు. బయట వాకిట్లోనే తిండి, పడక. మూడోనాడు ఆడవాళ్ళు పిలిస్తేనే లోపలికి వస్తారు. ఎందుకని అడిగాను.

“వాళ్ళు ఏరు దాటింది మూడోనాడే గదా” అంది. “ఏరు బలి అడిగిందని పిల్ల సెయ్యి పట్టుకొని నీళ్ళలోకి తోసేదానికి పోయింది ఎవురు అనుకున్నావు? కన్న నాయన. పక్కన సిన్నాయనలు ఇద్దరు. పిల్ల వాళ్ళ సేతిలో ముల్లుగర్ర పెరుక్కొని, అమ్మని, తమ్ముళ్ళని బండిలో ఏసుకొని, ఎద్దుల్ని పొడిచి ఏట్లోకి తోలింది. దాటేసింది. మొగోళ్ళు భయపడి గట్టునే నిలిచిపోయినారు. నీళ్ళు దిగినాక మూడోనాడు తల వంచుకొని వచ్చినారు. వెలియ ఇది సెప్పగలరా? అందుకే పిల్ల తనే దిగిపోయిందని సెప్పుకున్నారు. బతికి, బండి తోలి, ఈ నేల దున్ని, ముసలిదై సచ్చిపోయినదాన్ని, మొగోళ్ళ మానం కోసరం పిల్లగా ఉన్నప్పుడే ముంచేసినారు.”

ఉత్తరంలో ఇది ఎందుకు రాయలేదని అడిగాను. పిల్ల మునగలేదు, తోలింది, అంతవరకే రాశానంది. మేం మాట్లాడుకున్నదంతా వాకిట్లో కూర్చున్న చిన్నాయన విన్నాడు. గడప అవతల నుంచే కేకేశాడు. “లచ్చిమీ! పైవూరి మనిషికి ఇంటి కత ఎందుకు సెప్తావు? ఈ కత నాలుగు ఊర్లకు పోతే, ఆడబిడ్డని ఏటికి తోసేదానికి పోయిన వంశమని నవ్వరా? నీవు ఆ మీటింగులో నోరు తెరిస్తే మళ్ళా ఈ వాకిలి తొక్కబాకు.” ఆమె బయల్దేరడానికి చీర మార్చుకుంది. సభకి తోడు వస్తున్నానని ఆయన చొక్కా వేసుకున్నాడు. తోడు ఎందుకో ముగ్గురికీ తెలుసు.

ఒకటీ నలభైకి సాత్తూరు బస్సు, అక్కడ మారి విరుదునగర్. అంతా కలిపి గంటన్నర, మనిషికి అరవై లోపే. బస్సు మెట్టు ఎక్కగానే గురులక్ష్మి తమిళంలోకి మారిపోయింది, నాతో కూడా. గొంతు కూడా తగ్గింది. ఆ దారంతా నాకు ఎవరి మీద కోపం రావాలో తెలియలేదు. ముందు ఆ చిన్నాయన మీద వచ్చింది. ఆ తర్వాత నాలుగేళ్ళుగా ఆ కుర్చీని చూసి సుఖంగా ఏడ్చిన నా మీద వచ్చింది, అది ఇప్పటిదాకా పోలేదు.

సభ బజారు వీధిలో పరోటా హోటల్ మీది హాల్లో. యాభైమంది దాకా ఉన్నారు, ఎక్కువమంది మగవాళ్ళే. నేను అడుగుపెట్టగానే చప్పట్లు కొట్టారు. మురిక్కాలవ అక్క వచ్చిందని ఒకడు అరిచాడు. సెల్వం గురులక్ష్మిని మాట్లాడమన్నాడు. ఆమె లేచి తమిళంలో, “ఆ పిల్ల చావలేదు. బండి తోలి దాటించింది. మా ఇంట్లో ఆ ముల్లుగర్రకే పూజ చేస్తాం” అంది. ముందు వరసలో కళ్ళద్దాలవాడు వెంటనే అడిగాడు. “పిల్ల బండి తోలుతుంటే మగవాళ్ళంతా ఏం చేస్తున్నట్టు?”

ఆమె చివరి వరస వైపు చూసింది. చిన్నాయన చేతులు కట్టుకుని ఆమెనే చూస్తున్నాడు. ఆమె పెదవి కదిలింది. తర్వాత కూర్చుంది.

నవ్వారు. “చెప్పలేకపోతోందంటే కల్పించిందనేగా!” అన్నాడు కళ్ళద్దాలవాడు. అరికాలి మంట నెత్తికెక్కి నేను లేచాను. నా సంతకం వెనక్కి తీసుకుంటున్నానన్నాను, పాత నియమం తప్పన్నాను. కారణం చెప్పమన్నారు. కారణం నా నాలుక చివరే ఉంది, కానీ అది నా ఇంటిది కాదు. “పొద్దున్న ఒకమాట, సాయంత్రం ఒకమాటా?” అన్నారు. సెల్వం ఇబ్బందిగా, “అక్కా, మీరొక్కరు తగ్గినా మిగతావాళ్ళ సంతకాలు ఉంటాయి కదా, నిన్ననే పంపేశారు” అన్నాడు. చేతులెత్తమన్నారు. గురులక్ష్మి, నేను, ఇంకో ఆరుగురు ఎత్తాం. పాత నియమమే ఖాయమైంది. నేను గెలిచాను. ఎవరో వచ్చి నాకు చేయి కలపబోతే చేతులు వెనక్కి పెట్టుకున్నాను.

ఆరింటికి కింద హోటల్లో కూర్చున్నాం. విరుదునగర్ నూనె పరోటా మంచి పేరున్నది, రెండు పరోటాలు, సాల్నా అనే పలచటి కూర కలిపి డెబ్భై రూపాయలు, కరకరలాడుతూ ఉంటుంది, తినండి. నేను ఒక ముక్క తుంచి వదిలేశాను. చిన్నాయన చెయ్యి కడుక్కోవడానికి లేచి వెళ్ళాడు. అప్పుడు ఆ గలాటాలో ఆమె తెలుగులో మాట్లాడింది, బయట, మొదటిసారి. “రేపొద్దున ఏడింటికి వ్యాను వస్తాది. ఆ బుక్కు మా సెక్షనుకే వస్తాది అక్కా. నేనే మడవాల.”

క్షమించమన్నాను. అది ఆమెకి అక్కర్లేని మాట. “నీవు కంప్యూటర్‌లో రాస్తావంట గదా” అంది. “రాసెయ్యి. అంతా రాసెయ్యి. తెలుగులోనే రాయి. మావోళ్ళకి తెలుగు మాట్లాడనే వస్తాది, సదవను ఎవురికీ రాదు.”

అందుకే రాస్తున్నాను. ఒక ఇంటివాళ్ళు తమ ఇంటిమాటలో దాచుకున్న కథని, ఆ ఇంటివాళ్ళే చదవలేని అక్షరాల్లో, పదిలంగా పెట్టాల్సి రావడం నాకు ఒళ్ళు మండిస్తోంది. మన అభిమానులకి ఆ పిల్ల చావడం కావాలి, మనకి శనివారం సాయంత్రాలు బాగుండాలి కాబట్టి. ఆట బరువు తగ్గుతుందని ఏడ్చాం. బతికిన మనిషిని చంపి తెచ్చుకున్న బరువు అది, మనం మోసింది కాదు. గుంపులో ఈ మాటే రాస్తే, మెత్తబడిపోయావక్కా అన్నారు. నా జన్మలో ఇంత గట్టిగా ఎప్పుడూ లేను. మొన్న శనివారం మా ఇంట్లో ఏటి ఒడ్డుకి వచ్చాక పిల్ల పాత్ర తీసుకున్న మనిషిని లేవనివ్వలేదు. పాచికలు తీసి ఆమె చేతిలో పెట్టాను. నియమానికి విరుద్ధమని ఇద్దరు ఆట వదిలి వెళ్ళిపోయారు. వెళ్ళనిచ్చాను.

ఇక వెళ్ళేవాళ్ళకి ఒక్క సలహా: తిరుగు రైలుకి అదే రోజు టికెట్టు చేయించుకోకండి. నేను ఎనిమిదిన్నర రైలుకి చేయించుకున్నాను కాబట్టే, ఆమెని ఆ చిన్నాయన పక్కన సాత్తూరు బస్సెక్కించి వచ్చేశాను. వాళ్ళ వాకిట్లోకి ఆమెని రానిచ్చాడో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.