అమ్మ వేసిన మొదటి పార

మొగ తెరవడమంటే ఏదో పిల్లకాలువ తవ్వడమనుకునే వాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. బారువ దగ్గర మా ఏరు సముద్రంలో కలిసే చోటే మొగ. ఎండాకాలంలో అలలు అక్కడ ఇసుక మేట వేసి మూసేసేవి. వానలు పడ్డాక నీళ్లు వెనక్కి ఎగదన్ని వరిచేలలోకి ఎక్కేవి. బర్మా వెళ్లే రంగం ఓడకు కొబ్బరికాయలు చేరవేసే పడవలు ఏట్లోనే ఇరుక్కుపోయేవి. అప్పుడు ఊరంతా పారలు పట్టుకుని వెళ్లేది.

అయితే మా ఊళ్లో ఒక కట్టుబాటు ఉండేది. మొగ తెరిస్తే ఎవరికి ఎక్కువ నష్టమో, మొదటి పార వాళ్లే వెయ్యాలి. ఆ ఏడు ఆ నష్టం మా అమ్మది. నాన్న పోయాక మా ఇద్దరికీ పీచుతాడే ఆధారం. దానికోసం అమ్మ కొబ్బరి డొక్కల్ని, అంటే కాయల మీది పీచు తొక్కల్ని, మొగ పక్క మడుగులో ఏడాదిగా నానబెట్టింది. వానలకు ముందే తీసేసేదే. ఆ ఏడు పాడు వాన ముందే దిగబడింది. మొగ తెరిస్తే డొక్కలన్నీ సముద్రం పాలే.

పోటు తగ్గింది. జనమంతా ఇసుక మీద నిలబడ్డారు. తొందరపెట్టిన వాడు లేడు. చివరికి పడవల వాళ్ల పెద్ద మా అమ్మ దగ్గరకొచ్చి అక్క వరసతో పిలిచాడు.

"అప్పా, నీ సెయ్యి పడితేగాని మేం పార ముట్టం. వద్దంటే ఎల్లిపోతాం."

అమ్మ మునిగిన చేల వైపు చూసింది. మడుగు వైపు చూడలేదు. కొంగు బిగించి పార వేసింది.

తర్వాత అందరూ తవ్వారు. ముందు వేలెడు ధార జారింది. ఇంతేనా అనుకున్నాను. అమ్మో, చూస్తుండగానే గట్లు విరిగిపడ్డాయి, ఏరు మొత్తం హోరుమంటూ సముద్రం మీద పడింది. నా కాళ్ల కింద ఇసుక వణికింది. మనిషి పారతో గీసిన గీత ఇంత పని చేస్తుందా! భయమూ సంతోషమూ ఒక్కసారే కమ్మి నోరెళ్లబెట్టాను. ఆ నీళ్లలోనే మా డొక్కలు నల్లగా తేలుతూ పోయాయి. అమ్మ కంట చుక్క రాలేదు. పద, ఇంటికెళ్లి పొయ్యి వెలిగించాలంది.

మర్నాడు పొద్దున్నే మడుగు దగ్గరికి వెళ్లాం. ఒడ్డున మా ఇంటి చూరంత ఎత్తు పచ్చి డొక్కల గుట్ట! చేలు దక్కిన వాళ్లు, పడవల్లో కాయలు పంపే ఉద్దానం కొబ్బరితోటల వాళ్లు బళ్ల మీద తెచ్చి పోసి, చెప్పకుండా పోయారు. ఏరు దాటి తెప్ప తగలేసే వాళ్లుంటారు. మా వాళ్లు కారు.

అమ్మ ఒక డొక్క తీసి గోటితో గిల్లి చూసింది.

"ఇన్ని నానెయ్యడానికి ఈ మడుగు సాలదే పిల్లా," అని సణిగింది. ఆ గుట్ట పక్కనే కూలబడి, అప్పుడు ఏడ్చింది.