ఎర్ర పెన్ను మీద నా లెక్క

మా మనవరాలికి ఏడో నెల వచ్చింది. అన్నప్రాసన అమీర్‌పేటలో మా ఇంట్లోనే చేద్దామనుకున్నాం. అన్నం ముట్టించాక పిల్లను చాప మీద వదిలి, ఎదురుగా పుస్తకం, పెన్ను, బంగారు గొలుసు, పూలు పెడతారు కదా. దేన్ని పట్టుకుంటే పిల్ల బతుకు అటు పోతుందంటారు. మా పిల్ల పెన్ను పట్టుకోవాలి. నాకు అంతకు మించి కోరిక లేదు.

కోరిక ఉంటే లెక్క కూడా ఉండాలి. కడుతున్న ఇంటిని చూసి ఇటుకలెన్ని, టైల్స్ ఎన్ని పడతాయో చెప్పడం నా పని. కాలేజీ మెట్టెక్కలేదు, పని మీదే నేర్చుకున్నాను. అందుకని పందొమ్మిది రోజులు పిల్లను గమనించాను. రోజుకు రెండుసార్లు, ఎర్రదొకటి, వేరే రంగుదొకటి ముందు పెట్టేవాణ్ణి. ముప్పై ఎనిమిదిసార్లలో ముప్పై ఒక్కసారి ఎర్రదే పట్టుకుంది, అదీ కుడిచేత్తో. పంజాగుట్ట దాకా వెళ్లి లావుపాటి ఎర్ర పెన్ను కొన్నాను. పెట్టాల్సిన చోటు కూడా కొలిచాను: పిల్లకు కుడివైపు, మూడు జానల దూరం.

ఈ నమ్మకం నాకు ఊరికే రాలేదు. నా అన్నప్రాసనలో నేను బలపం పట్టుకున్నానట. చిన్నప్పటి నుంచి వింటున్న మాట. పదో తరగతిలో లెక్కల పరీక్ష తప్పినప్పుడు, మేస్త్రీ పని చేసే మా నాన్న కొట్టలేదు, తిట్టలేదు. "బలపం పట్టినోనివి, నీకెట్ల రావురా?" అన్నాడు. నిజంగానే అర్థం కాక అడిగినట్టు అడిగాడు. ఆ రాత్రే మళ్లీ పుస్తకం ముందేసుకున్నాను. చదువు ఆగింది కానీ లెక్కలు వదల్లేదు.

ఆ రోజు పెన్ను పెట్టబోయి ఆగిపోయాను. చాప మీద అల్లుడు అప్పటికే బొమ్మ స్టెతస్కోపు పెట్టాడు. ఎర్రది. మా అమ్మాయి కంప్యూటర్ మౌస్ పెట్టింది. అదీ ఎర్రదే.

"గిదేంది, అన్నీ ఎర్రగనే ఉన్నయ్?"

అల్లుడిది గోదావరి వైపు. తల గోక్కుంటూ, "పాపకి ఎరుపంటే ఇష్టం కదా మామయ్యగారూ. నేనూ చూస్తూనే ఉన్నానండి," అన్నాడు.

"లెక్కలు నీకొక్కనికే వస్తయా నాన్నా?" అంది మా అమ్మాయి.

అప్పుడు నవ్వింది, కుర్చీలో కూర్చున్న మా అమ్మ. ఎనభైకి దగ్గర పడింది.

"గింత కష్టం దేనికిరా? ముడితే ముడతది, లేకుంటే మనమే చేతుల పెడితే అయిపాయె. నీకు పెట్టలేదా?"

"నాకేం పెట్టినవ్?"

"బలపం. నువ్వేడ ముట్టినవ్? సాపంత తడిపి ఏడ్సినవ్. మీ నాయన పని కాడికెల్లి వచ్చేసరికి నేనే పిడికిట్ల పెట్టిన. ఆయన చూసి మస్తు ఖుష్ అయిండు."

"మరి ఇన్నేండ్లు చెప్పలే?"

"నువ్వడగలే."

చేతిలోని పెన్నును, కొలవకుండానే చాప మీద పెట్టేశాను. ఇంట్లో ముప్పై ఏళ్లు కాపురం చేశాక, కింద పునాది వేయనేలేదని ఎవరైనా చెబితే ఎలా ఉంటుంది? నాన్న పోయి చాలా ఏళ్లయింది. ఆయనకు చివరిదాకా తెలియదు. కూర్చుందామని కుర్చీ కోసం చూశాను. అందులో అమ్మే ఉంది.

ఈలోగా పిల్లను చాప మీద వదిలారు. పాప మూడు ఎర్ర వస్తువులనూ ఒకసారి చూసింది. తర్వాత పొట్ట మీదే గిర్రున తిరిగి, పాక్కుంటూ గుమ్మం దాకా పోయి, అల్లుడి చెప్పు పట్టుకుంది. నోట్లో పెట్టుకోబోతుంటే నా భార్య వంటింట్లోంచి గరిటెతో పరుగెత్తుకొచ్చి లాక్కుంది.

"మంచిదే, ఊర్లు తిరుగుతది," అంది అమ్మ.

పిల్ల చేతులు కడిగి తెచ్చేసరికి, ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయిన వియ్యపురాలు ఆయాసపడుతూ వచ్చింది. "అయ్యో, అయిపోయిందా? ఏం పట్టుకుందండీ మా బంగారం?"

మా అమ్మాయి మొగుడి వంక చూసింది. అతను నేల వంక చూశాడు.

"అన్నయ్యగారూ, మీరు చెప్పండి. మీ మాటంటే కొలిచినట్టుంటుంది."

ఇన్నేళ్ల పనిలో ఎవరికీ ఒక్క టైలు ఎక్కువ చెప్పలేదు, తక్కువ చెప్పలేదు.

"పెన్నండి," అన్నాను.

"మామయ్యగారూ..." అని గొణిగాడు అల్లుడు. అతని వైపు చూడకుండా వంగి, చాప మీది పెన్ను తీసి పిల్ల పిడికిట్లో పెట్టాను. వేళ్లు ఒక్కొక్కటే మూశాను. ఐదూ మూసుకున్నా, పైనుంచి నా చెయ్యి తీయలేదు.