బాంగ్ పా-ఇన్ ఫైలు

మా ఆవిడ పోయిన ఎనిమిది నెలలకు మా అమ్మాయి థాయిలాండ్‌కి రెండు టికెట్లు బుక్ చేసింది. నన్ను అడగలేదు. కాలేజీ నుంచి ఫోన్ చేసి చెప్పింది.

"నాన్నా, స్ప్రింగ్ బ్రేక్‌కి వెళ్తున్నాం. నువ్వూ నేనూ. నో చెప్పొద్దు. అమ్మ ఫైల్ ఉంది కదా, ప్లాన్ అంతా అందులోనే ఉంటది. చూసి నాకు చెప్పు."

"నీకు క్లాసులు..."

"బ్రేక్ అంటేనే క్లాసులు ఉండవు నాన్నా. గ్రీన్ కార్డ్ కూడా వచ్చేసింది. ఇప్పుడు ఆ లాయర్ మనల్ని ఆపలేడు. ఐ హేట్ దట్ మ్యాన్, తెలుసా?"

ఆ లాయర్ మమ్మల్ని ఎప్పుడూ ఆపలేదు. ఆ సంగతి మా ఇంట్లో నాకొక్కడికే తెలుసని అప్పటికింకా అనుకుంటున్నాను.

మా ఆవిడ పెళ్లికి ముందు జూనియర్ కాలేజీలో చరిత్ర చెప్పేది. ఇక్కడికి, జెర్సీకి వచ్చాక, డిపెండెంట్ వీసా మీద ఉద్యోగం చేయడానికి వీల్లేని ఏళ్లలో, ప్లెయిన్స్‌బరో లైబ్రరీకి నడిచి వెళ్లి పుస్తకాలు తెచ్చుకునేది. మొదట ఏది దొరికితే అది చదివింది. తర్వాత ఎందుకో సయాం రాజుల దగ్గర ఆగిపోయింది. వాళ్ల పాత రాజధానికి మన అయోధ్య పేరే పెట్టుకున్నారని, ఇప్పటి వంశంలో ప్రతి రాజునూ రాముడని లెక్కపెడతారని, బాంగ్‌కాక్ రాజభవనంలోని గుడి గోడల మీద రామాయణం మొత్తం బొమ్మలు గీసి ఉందని వంట చేస్తూ చెప్పేది.

"అక్కడి కథలో హనుమంతుడికి ఒకరు కాదు, చాలామంది పెళ్లాలున్నారట. మీ అమ్మగారికి మాత్రం చెప్పకండి. మంగళవారం ఉపవాసం మానేస్తారు."

ఆమెను అన్నిటికంటే ఎక్కువగా పట్టుకున్నది ఒక రాణి కథ. దాదాపు నూట నలభై ఏళ్ల కిందటిది. రాజు వేసవి విడిది బాంగ్ పా-ఇన్‌కు పడవల్లో వెళ్తుంటే రాణి ఉన్న పడవ నదిలో బోల్తా పడింది. ఆమె గర్భవతి. పక్కన చిన్న కూతురు. చుట్టూ పడవల నిండా మనుషులున్నారు, ఈత వచ్చినవాళ్లున్నారు. కానీ రాజకుటుంబీకుల ఒంటి మీద మామూలు మనుషులు చెయ్యి వేయకూడదన్నది అప్పటి చట్టం. వేస్తే మరణశిక్ష. మరో పడవలోని కాపలా అధికారి ఎవరూ ముట్టుకోవద్దని అరిచాడట. తల్లీ కూతురూ మునిగిపోయారు. రాజు ఆ అధికారిని జైల్లో వేయించాడు. తర్వాత బాంగ్ పా-ఇన్ తోటలో రాణి పేర పాలరాతి స్తంభం నిలబెట్టించి, దాని మీద తానే రాసిన మాటలు చెక్కించాడు. కథ అలా చెబుతారు. చట్టం సంగతి తర్వాతివాళ్లు కల్పించి చేర్చారనే చరిత్రకారులూ ఉన్నారు. ఆ అనుమానం కూడా నాకు చెప్పింది ఆమే.

"కల్పనైనా సరే, ఆ రాయి చూడాలి" అనేది. "తర్వాత ఏదైనా ద్వీపానికి పోయి, మోకాళ్ల దాకా సముద్రంలో నిలబడాలి. ఈత నాకు రాదు. నిలబడితే చాలు."

దానికోసం ఒక నీలం అట్ట ఫైలు తయారైంది. బాంగ్‌కాక్ నుంచి బాంగ్ పా-ఇన్‌కు రైలు వేళలు, రాజభవనంలోకి ఏ బట్టలతో రానిస్తారో, ఏ ద్వీపంలో ఏ నెలలో వానలో. ప్రతి ఏడూ కొన్ని కాగితాలు తీసేసి కొత్తవి పెట్టేది. ప్రతి ఏడూ నాకు ప్రాజెక్టో, వీసా పొడిగింపో, మరొకటో అడ్డం వచ్చేది.

తర్వాత జబ్బు వచ్చింది. అండాశయంలో క్యాన్సర్. తెలిసేసరికే మూడో స్టేజ్. కీమో గురువారాలు ఎక్కించేవాళ్లు. థాయి వాళ్లకు వారంలో రోజుకో రంగు ఉందట, గురువారానిది నారింజ. జుట్టు పోయిన తలకు నారింజ రంగు స్కార్ఫ్ కట్టుకుని వెళ్లేది. నర్సులకు కారణం చెప్పేది. వాళ్లలో ఒకామె కూడా కొన్ని గురువారాలు నారింజ రంగు సాక్సులు వేసుకొచ్చింది.

మొదటి విడత అయ్యాక స్కాన్ శుభ్రంగా వచ్చింది. డాక్టర్ ఆమెతో కాక నాతో, కారిడార్‌లో, నెమ్మదిగా చెప్పింది. ఇది తిరగబెడుతుంది. ఎప్పుడో చెప్పలేను. ఎక్కడికైనా వెళ్లాలని ఉంటే ఈ మూడు నాలుగు నెలల్లో వెళ్లండి.

ఆ వారమే మా ఆవిడ ఫైలు తెచ్చి డైనింగ్ టేబుల్ మీద పెట్టింది.

"పది రోజులు చాలు. రెండు రోజులు గుళ్లూ మేడలూ, ఒక రోజు నా రాయి, మిగతాది సముద్రం. ఏమంటారు?"

"లాయర్‌ని అడుగుతాను" అన్నాను.

అంతకు ముందే గ్రీన్ కార్డ్ చివరి దరఖాస్తు, మేమంతా నాలుగు ఎనభై అయిదు అని పిలుచుకునేది, వేసి ఉన్నాం. పదకొండేళ్లు వరుసలో నిలబడితే దాన్ని వేసే వంతు వచ్చింది. ఆ శనివారం ఎడిసన్‌లో మిత్రుడి ఇంట, తలా ఒక వంట తెచ్చుకునే పాట్‌లక్. పెరట్లో ప్లేట్లు పట్టుకుని నిలబడి అడిగాను. మా గుంపులో అందరికంటే ముందు గ్రీన్ కార్డ్ వచ్చిన వరంగల్ మిత్రుడు నోట్లో ముద్ద ఉండగానే అందుకున్నాడు.

"ఏందన్నా, దిమాక్ ఖరాబైందా? ఫోర్ ఎయిటీ ఫైవ్ పెండింగ్‌ల ఉండంగ దేశం దాటుతవా? ట్రావెల్ పర్మిట్ కార్డ్ చేతికి రాకుండ పోతే అబాండన్ అయితది. పదకొండేండ్లు గోవిందా."

"ఆవిడ కోసం..."

"అక్క కోసమే చెప్తున్న. నువ్వు అవతల ఇరుక్కుంటే నీ జాబ్ పోతది. జాబ్ పోతే ఇన్సూరెన్స్ పోతది. ట్రీట్‌మెంట్ ఎట్ల మరి? కూసో, బిర్యానీ తిను."

ఇంకో ఇద్దరు తలలూపారు. ఎవరో, తమ కజిన్‌కి అలాగే అయిందన్నారు. మేం ఇక్కడ అన్నీ ఇలాగే తెలుసుకుంటాం. లాయర్లకు ఉత్తరం రాసేముందు పెరట్లో అడుగుతాం. చాలాసార్లు ఆ తర్వాత ఉత్తరం రాయం.

సోమవారం లాయర్‌కి మెయిల్ సగం రాసి ఆపేశాను. వద్దంటాడని కాదు. వెళ్లొచ్చంటాడేమోనని. అప్పుడు ఆ నిర్ణయం నా చేతిలోకి వచ్చిపడుతుంది. ఎక్కడో ద్వీపంలో, భాష తెలియని ఆస్పత్రిలో, ఆమెకు ఏదైనా అయితే అది నేను చేసిందే అవుతుంది. సాయంత్రం ఇంటికి వెళ్లి, ఆమె మొహం చూడకుండా, బూట్లు విప్పుకుంటూ చెప్పాను.

"లాయర్ వద్దన్నాడు."

ఆమె నవ్వింది.

"ఆ పడవలో కాపలా అధికారి ఉన్నాడు చూశారూ, వాడికి అచ్చం మీ పోలికే ఉండుంటుంది."

"నన్నేం చేయమంటావు? రూల్ అది."

"నేనేమన్నానూ? పాపం, వాడూ అదే అనుంటాడు."

అక్టోబరులో ఒక ఆదివారం ఆమెను జెర్సీ తీరానికి డ్రైవ్ చేసుకుని తీసుకెళ్లాను. బీచ్ ఖాళీగా ఉంది. పైజమా మడుచుకుని మోకాళ్ల దాకా నీళ్లలోకి దిగింది. నేను టవల్ పట్టుకుని ఒడ్డున నిలబడ్డాను. చాలు, ఇంక లోపలికి వెళ్లొద్దు, జలుబు చేస్తుంది అని రెండు మూడుసార్లు అరిచాను. ఆమె వెనక్కి తిరిగి రమ్మని చెయ్యి ఊపింది. బూట్లు విప్పాలి, ఇసుక అవుతుంది అన్నాను. అయిదు నిమిషాలకు వణుకుతూ వచ్చేసింది.

"చల్లగా ఉంది. అక్కడ వెచ్చగా ఉంటాయట నీళ్లు" అంది. కారు ఎక్కాక వేరే మాటలు మాట్లాడింది.

జనవరిలో జబ్బు తిరగబెట్టింది. జూన్‌లో పోయింది. నాకు గ్రీన్ కార్డ్ నవంబరులో వచ్చింది.

అమ్మాయి ఫోన్ చేసిన మర్నాడు, శనివారం పొద్దున, ఫైలు తీశాను. ఆమె పోయాక దాన్ని తెరవడం అదే మొదలు. రైలు వేళల కాగితం పైనే ఉంది. ద్వీపాల మ్యాపు మీద పెన్సిల్‌తో ఒకచోట చిన్న సున్నా. అన్నిటికంటే అడుగున, వాటికి సంబంధం లేని ఒక కాగితం ఉంది. ప్రభుత్వ ఇమిగ్రేషన్ వెబ్‌సైట్ నుంచి లైబ్రరీలో ప్రింట్ తీసింది. నాలుగు ఎనభై అయిదు పెండింగ్‌లో ఉండగా దేశం విడిచి వెళ్తే దరఖాస్తు వదులుకున్నట్టే లెక్క అని మొదటి వాక్యం. మాలా హెచ్ వీసాల మీద ఉన్నవాళ్లకూ వాళ్ల మీద ఆధారపడినవాళ్లకూ అది వర్తించదని తర్వాతి వాక్యం. రెండో వాక్యం కింద పెన్సిల్ గీత. పక్కన ఆమె చేతిరాత: "మా ఇద్దరి వీసా స్టాంపులూ వచ్చే ఆగస్టు దాకా ఉన్నాయి."

కాగితం కింద ప్రింట్ తీసిన తేదీ ఉంది. నేను లాయర్ వద్దన్నాడని చెప్పిన సోమవారం తర్వాతి బుధవారం.

పాత క్యాలెండర్‌లో రెండుసార్లు చూసుకున్నాను. తర్వాతి వారం లాయర్ ఆఫీసుకు ఫోన్ చేశాను. ఎందుకు చేశానో తెలియదు. అక్కడి ఉద్యోగిని మా కేసు చూసి చెప్పింది: వెళ్లి రావచ్చు సార్, మీ విషయంలో ఏ ఇబ్బందీ ఉండేది కాదు. అడిగి ఉంటే అప్పుడే చెప్పేవాళ్లం.

అంటే అక్టోబరులో, ఆ నీళ్లలో నిలబడి నన్ను రమ్మని చెయ్యి ఊపినప్పటికే ఆమెకు తెలుసు. జనవరిలోనూ తెలుసు. ఎందుకు నిలదీయలేదో నాకు తెలియదు. నా భయం చూసి జాలిపడిందని అనుకోవచ్చు. నాకది సుఖంగా ఉంటుంది కాబట్టి ఆ మాట నమ్మను. విసిగిపోయి వదిలేసి ఉండొచ్చు. నేనే నోరు తెరుస్తానేమోనని చివరిదాకా ఎదురుచూసి ఉండొచ్చు.

మార్చిలో అమ్మాయి ఇంటికి వచ్చింది. ప్రయాణం రెండు రోజుల్లో. హాల్లో సూట్‌కేస్ తెరిచి కూర్చుని, ఎడమ చేత్తో ఇడ్లీ తింటూ సర్దుకుంటోంది. తల్లి ఉంటే ఎడమ చెయ్యి చూసి తిట్టేది.

"రాజభవనంలోకి మోకాళ్లు కప్పుకుని వెళ్లాలంట నాన్నా. నీ షార్ట్స్ నో. సరేనా?"

నేను ఆ కాగితం ఆమె ముందు పెట్టాను. పాట్‌లక్ సంగతి, మెయిల్ సంగతి, ఏమీ దాచకుండా చెప్పాను. నాలుగు నిమిషాలు పట్టి ఉంటుంది.

అమ్మాయి కాగితం చదివింది. తల్లి చేతిరాతలోని తెలుగు వాక్యాన్ని వేలు పెట్టి కూడబలుక్కుంది.

"సో లాయర్ నో అనలేదు."

"లేదు."

"నువ్వు అడగనే లేదు."

"అడగలేదు."

"అమ్మకి తెలుసు."

"తెలుసు."

"నేను ఆ లాయర్‌ని ఎన్నిసార్లు తిట్టాను నాన్నా? నీ ముందే. నువ్వు వింటూ కూర్చున్నావ్."

తను లేచి ప్లేటు సింకులో పెట్టి, కడిగి, వచ్చింది. నా సూట్‌కేస్ వైపు చూసింది.

"నువ్వు రావొద్దు" అంది. కోపంగా అనలేదు. "నేను అమ్మ కోసం వెళ్తున్నా. నువ్వు పక్కన ఉంటే నాకు ఇదే గుర్తొస్తది. సారీ."

"సరే."

"నువ్వు ఫైట్ కూడా చేయవా?"

నా సూట్‌కేస్ మూసి లోపల పెట్టేశాను.

గురువారం న్యూవార్క్ ఎయిర్‌పోర్ట్‌లో దింపాను. నీలం ఫైలు తన బ్యాక్‌ప్యాక్‌లో పెట్టుకుంది. దిగేముందు సీట్‌బెల్ట్ విప్పి కాసేపు అలాగే కూర్చుంది. నేను ఏదో అంటాననుకుందేమో. పాస్‌పోర్ట్ ఉందా అని అడిగాను. ఉందని చెప్పి దిగింది.

అయిదో రోజు ఒక ఫొటో వచ్చింది. పాలరాతి స్తంభం, చుట్టూ చెట్లు, తెల్లటి మధ్యాహ్నపు ఎండ. మాట ఏమీ లేదు. నేనూ ఏమీ రాయలేదు.

ఎనిమిదో రోజు పొద్దున, ఆఫీసుకు బయల్దేరుతుంటే ఇంకొకటి వచ్చింది. పైనుంచి తీసింది. లేతాకుపచ్చ నీళ్లు, వాటిలో తన రెండు మోకాళ్లు, కింద ఇసుక స్పష్టంగా కనిపిస్తోంది. జుట్టు పోయినప్పుడు తల్లి కట్టుకున్న నారింజ స్కార్ఫ్ మణికట్టుకు చుట్టి ఉంది. ఆ రోజు గురువారం.

గుమ్మంలో నిలబడి చాలాసేపు చూశాను. లోతుకు వెళ్లొద్దు అని టైప్ చేశాను. పంపకుండా చెరిపేశాను. వేరే మాట కోసం వెతికాను. దొరికేలోపు నా ఆఫీసు రైలు టైమ్ దాటిపోయింది.